ఎర్ర దారం కట్టిన సోడా

పురానాపూల్,
హైదరాబాదు,
12-7-1979, గురువారం.

మైసయ్య గారికి, ఆదిశేషయ్య గారి భార్య శారదాంబ నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం మా నాన్నగారు నేర్పిన పద్ధతి. ఇవాళ ఆ రెండు ముక్కల్లో ఒక్కటీ రాయలేను. ఇక్కడ క్షేమం లేదు. అక్కడ మీ క్షేమాన్ని నేనే పోగొట్టాను. ఇరవై ఏళ్లుగా "మైసయ్యా, నువ్వు" అని పిలిచినదాన్ని ఇవాళ "మీరు" అంటున్నాను. వెటకారం అనుకోకండి, వెటకారాలన్నీ అయిపోయాయి.

మీది నిజాం కాలపు చదువు, ఉర్దూ తప్ప తెలుగు చదవలేరు. నాకేమో ఉర్దూ ఒక్క అక్షరం రాదు. అందుకని దీన్ని మీ బావమరిది గుండయ్య చదివి వినిపించాలి. గుండయ్యా, నాయనా, గొంతు తగ్గించకుండా చదువు. మీ అక్క కృష్ణమ్మను కూడా కూర్చోబెట్టు. మైసయ్య గారు వచ్చి ఉంటున్న మీ ఆలేరులో ఇరుగుపొరుగు వింటే విననీ. నేను మైసయ్య గారిని తిట్టింది గుసగుసగా కాదు, నడివీధిలో.

ముందు అసలు మాట. ఆయన బతికే ఉన్నారు. "సాబ్‌ను నా చేత్తోనే సంపుకున్న" అంటూ మీరు ముద్ద ముట్టడం లేదని, మీ దుకాణం పక్కన పూలమ్మే మాణిక్యమ్మ నిన్న ఆసుపత్రికి వచ్చి చెప్పింది. మీరు చంపలేదు. ఊపిరి ఆడుతోంది. కానీ ఎనిమిది రోజులుగా కళ్లు తెరవలేదు. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోస్తున్నారు. నేను పిలుస్తున్నాను, బతిమాలుతున్నాను, అలవాటు కొద్దీ ఒకటి రెండుసార్లు కోప్పడ్డాను కూడా. రెప్ప కదలలేదు. మాకు పిల్లా పీచూ లేరని మీకు తెలుసు. ఈ ఊళ్లో నాకున్నది ఆయనొక్కరే, మైసయ్య గారూ. ఆయన పోతే నేను ఎవరిమీద కోప్పడాలి?

మీకు తెలిసిన కథే అయినా మొదటి నుంచీ చెప్పుకోనివ్వండి. తెనాలి నుంచి బదిలీ మీద వచ్చి ఈ పేటలో దిగిన రోజు నుంచీ, నయాపూల్ కోర్టు కచేరీలో పని ముగించుకుని మూసీ పక్కగా నడిచి వచ్చి, మీ దుకాణం బల్ల మీద కూర్చుని నిమ్మకాయ రంగు సోడా తాగితేగాని ఆయనకు ఇల్లు గుర్తొచ్చేది కాదు. మూడేళ్ల కిందట షుగరు జబ్బు బయటపడింది. మర్నాడే నేను మీ మీదికి యుద్ధానికి వచ్చాను. చక్కెర లేని సోడా చేసి ఇమ్మన్నాను. మీరు నవ్వి, "షక్కర్ లేకుంటే సోడా ఏందమ్మా, గది నీళ్లల్ల గ్యాస్ కొట్టుడే" అన్నారు. నేను వదిలితేగా! బేగంబజారు నుంచి చక్కెరకు బదులు వేసే శాక్రిన్ పొడి నేనే తెప్పించి మీ చేతిలో పెట్టాను. ఆయన ఒక్కరి కోసం మీరు ఓ డజను గోలీసోడా సీసాలు విడిగా పెట్టి, మెడకు ఎర్ర దారం కట్టారు. తర్వాత బస్తీలో షుగరున్న వాళ్లంతా ఎర్ర దారం సోడాయే అడగసాగారు. అది నా ఘనతేనని నలుగురిలో చెప్పుకుని మురిసిపోయాను.

ఏది మంచిదన్న వాదన మీ బల్ల మీద మూడేళ్లు నడిచింది. ఏదో దేశంలో ఎలకలకు శాక్రిన్ పెడితే మూత్రాశయంలో క్యాన్సరు వచ్చిందని పేపర్లో పడ్డ రోజు ఆయన ఆ కాగితం చించి తెచ్చి, నీ మొగుడు ఎలకా మనిషా తేల్చి చెప్పమన్నారు. ఎలకలు గంగాళాలకు గంగాళాలు తాగి ఉంటాయి, మీకు రోజుకొక్క సీసాయేగా అన్నాను. మిమ్మల్ని మధ్యవర్తిగా అడిగితే, "షక్కర్ ఐతె ఒంటికి పడ్తది అమ్మా. గీ పొడి ఉత్తగ నాలికెను ధోకా చేస్తది" అన్నారు. వైద్యం తెలియని మాట అని కొట్టిపారేశాను. ఇప్పుడు డాక్టరు ఇంగ్లీషులో అదే చెబుతున్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆయన దొంగచాటుగా మంచి సోడా ఇమ్మని మిమ్మల్ని సతాయిస్తున్నారని తెలిసి, రెండేళ్ల కిందట బోనాల నాడు మా గుమ్మం ముందు మిమ్మల్ని ఆపాను. కృష్ణమ్మ తల మీద బోనం ఉంది. నేను బిందెతో నీళ్లు తెచ్చి ఆమె కాళ్ల మీద పోశాను. పోసి, పక్కనే నడుస్తున్న మీతో ఒట్టు వేయమన్నాను. మా దేవుళ్ల మీద ఒట్టయితే మీకు లెక్క ఉండదేమోనని మీ పోశమ్మ మీదే వేయించాను. అంత తెలివి నాది. డప్పుల మధ్యన మీరు బోనం ముట్టుకుని, "సాబ్‌కు షక్కర్ సోడా పానం పోయినా ఇయ్య" అన్నారు. ప్రాణం పోయినా అని నేను అనమనలేదు. కానీ అన్నప్పుడు చాలా సంతోషించాను.

ఈ శివరాత్రి నుంచి మాత్రలు చాలక ఇన్సులిన్ మొదలుపెట్టారు. సూది నేనే నేర్చుకుని వేస్తున్నాను. రోజూ పొద్దున కిరసనాయిలు స్టవ్ మీద గాజు గొట్టంలో ఆయన మూత్రం డాక్టరిచ్చిన నీలం మందులో కలిపి మరిగించి రంగు చూస్తాను. ఇటుక రంగు వస్తే చక్కెర ఉన్నట్టు, ఆ రోజు ఇంట్లో కురుక్షేత్రం. నీలం వస్తే నాకు పండగ. ఒకరోజు బట్టలు ఉతుకుతుంటే ఆయన చొక్కా జేబులో కాగితం పొట్లం దొరికింది. విప్పితే చక్కెర! ఎప్పుడైనా ఒళ్లు వణికితే నోట్లో వేసుకోమని డాక్టరే చెప్పాడని ఆయన అన్నారు. నమ్మలేదు. షుగరు జబ్బువాడికి చక్కెర జేబులో పెట్టుకోమని ఏ డాక్టరైనా చెబుతాడా అని, పొట్లం మోరీలో పారేసి, దొంగ అని వీధంతా వినిపించేలా అరిచాను. ఆయన మళ్లీ పొట్లం పెట్టుకోలేదు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఊడగొట్టింది నేనే.

మొన్న గురువారం తొలి ఏకాదశి. మా ఇంట్లో ఆ రోజు వంటకు పొయ్యి వెలిగించం, ఇద్దరికీ ఉపవాసం. మందు మానకూడదు కనుక సూది మాత్రం ఎప్పటిలాగే పూర్తిగా వేశాను. పొద్దున రంగు నీలమే వచ్చింది. దేవుడూ నేనూ కలిసి జబ్బును గెలిచామనుకున్నాను. తొమ్మిదిన్నరకు ఆయన కచేరీకని బయలుదేరారు.

తర్వాత జరిగింది మాణిక్యమ్మ చెబితే తెలిసింది. ఆయన చెమటలు కక్కుతూ వచ్చి మీ బల్ల పట్టుకున్నారట. ఇవాళ చక్కెరది ఇవ్వు భాయ్, ప్రాణం పోతోంది అన్నారట. మీరు ఆయన నాటకాలు మూడేళ్లుగా చూశారు. పన్నుపోటని, కోర్టులో కేసు గెలిచామని, పెళ్లిరోజని ఎన్ని సాకులు! ఇదీ అలాంటిదే అనుకున్నారు. "సాబ్, అమ్మకు మాటిచ్చిన, బోనం మీద ఒట్టున్నది, తప్పితే ఇల్లు మునుగుతది" అని ఎర్ర దారం సీసా కొట్టి ఇచ్చారు. ఆయన గటగటా తాగి ఇంకొకటి అడిగారు. అదీ ఎర్ర దారమే. మూడోది కూడా. మూడోది చేతిలో ఉండగానే పడిపోయారట.

నేను పరుగెత్తుకొచ్చేసరికి ఆయన తల మీ ఒడిలో ఉంది. మీరు భుజం మీది గమ్చాతో విసురుతున్నారు. నేను ఆయన మొహం చూడలేదు, సీసా చూశాను. విషం పోశాడని అరిచాను. జనం పోగయ్యారు. మీ సీసాలు పగిలాయి. పోలీసులు మీ రెక్క పట్టుకుంటే, "అమ్మను అడగుండ్రి, అమ్మకు ఎరుక" అని మాత్రం అన్నారట. ఆ అమ్మ పోలీసు స్టేషనులో కాగితం మీద సంతకం పెట్టింది. మా ఆయన ఇంటి నుంచి నిక్షేపంలా బయలుదేరారని, మైసయ్య ఇచ్చిన సోడా తాగి పడిపోయారని. మీ దుకాణానికి తాళం పడింది. సోమవారం మిమ్మల్ని మళ్లీ స్టేషనుకు రమ్మన్నారట.

నాలుగో రోజున కుర్ర డాక్టరు నన్ను కూర్చోబెట్టి అడిగాడు, ఆ రోజు ఏం తిన్నారని. ఉపవాసమన్నాను. సూది వేశారా అన్నాడు. వేశానన్నాను. సూది మందు ఒంట్లో ఉన్న చక్కెరను దించుతుంది, తిండి లేకపోతే అది పాతాళానికి దిగుతుంది, అప్పుడు మెదడుకు ఆధారం ఉండదు అని చెప్పాడు. మరి సోడా తాగారుగా, శాక్రిన్ వేసినా తియ్యటిదే, మూడు సీసాలు తాగారుగా అన్నాను. తీపి ఉంది గాని అందులో చక్కెర లేదమ్మా, ముప్పై తాగినా నీళ్లే అన్నాడు. చక్కెర సోడా ఒక్కటి తాగి ఉంటే, పావుగంటలో లేచి కూర్చుని నాతో పోట్లాడేవారన్నాడు. ఎర్ర దారం సంగతి చెప్పి, ఇంతకూ ఏది మంచిది బాబూ, అదా ఇదా అని అడిగాను. రోజూ అయితే దారం కట్టింది, ఆ పూటకు మాత్రం కట్టనిది అన్నాడు. మూడేళ్ల వాదన ఒక్క ముక్కలో తేలిపోయింది. తేలి ఏం లాభం?

ఇప్పుడు నేను అడగబోయేది అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నాను. మీరు రండి. నిన్న మాణిక్యమ్మ మంచం పక్కన నిలబడి మీ సంగతి చెబుతూ మైసయ్య అన్నప్పుడు ఆయన కుడిచేతి వేలు కదిలింది. నా భ్రమ కావచ్చు. నర్సు కూడా భ్రమేనంది. తెలిసిన గొంతు వినిపిస్తూ ఉండమని డాక్టరు అన్నాడు. నా గొంతు ఆయనకు తెలియక కాదు, బాగా తెలుసు. మీరు వచ్చి చెవి దగ్గర "శేషయ్య సాబ్" అని ఒక్కసారి పిలవండి. నిందపడ్డ మనిషి ఉసురు ఊరికే పోదంటారు. మీ ఉసురు నాకు తగలాలి గాని ఆయనకెందుకు తగలాలి? తిట్టండి, చెప్పు తీసుకుని కొట్టండి. మీ సీసాలకు, దుకాణానికి జరిగినదంతా నేను సరిచేస్తాను. స్టేషనుకు వెళ్లి కాగితం వెనక్కి తీసుకుంటాను. రండి మైసయ్య గారూ. కృష్ణమ్మా, నువ్వైనా పంపు తల్లీ. నీ కాళ్ల మీద నీళ్లు పోసిన చేతులతోనే నీ కాళ్లు పట్టుకుంటున్నాను.

ఇట్లు,
క్షమించమని అడిగే అర్హత కూడా లేని
శారదాంబ.

తా.క. గుండయ్యా, కవరు అంటించబోయి మళ్లీ తీశాను. ఇది కూడా చదువు. ఇది డాక్టరుకు చెప్పలేదు, పోలీసులకు చెప్పలేదు, పైన రాసిన ఇన్ని ముక్కల్లోనూ చెప్పలేదు.

నిక్షేపంలా బయలుదేరారని నేను సంతకం పెట్టింది అబద్ధం. ఆ పొద్దున ఆయన ఒక కాలికే చెప్పు వేసుకుని గడప మీద కూలబడ్డారు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. దేవుడి దగ్గర తొలి ఏకాదశి పేలపిండి ఉంది, బెల్లం వేసి కలిపాను, వీధిలో పిల్లలకు పంచుదామని. ఒక్క చిటికెడు పెట్టు శారదా, కళ్లు తిరుగుతున్నాయి అని చేయి చాపారు. ఆ చేయి వణుకుతోంది. నేను చూశాను. చూసి కూడా, తిండికి చివరకు ప్రసాదం సాకు దొరికిందా అన్నాను. గిన్నె తీసి పై అలమారలో పెట్టి, కచేరీకి వేళవుతోందని ఆయన్ని లేపి బయటకు పంపి తలుపు వేశాను. రెండోసారి ఆయన నన్ను అడగలేదు. మీ దగ్గరికి వచ్చారు.

రేపు పొద్దున్నే స్టేషనుకు వెళ్లి ఇదే రాసి ఇస్తాను. మీరు రాకపోయినా ఇస్తాను. కానీ రండి. ఆయన కళ్లు తెరవాలని వెయ్యి దేవుళ్లకు మొక్కుతున్నాను, తెరిచి నన్ను చూసి మళ్లీ చేయి చాపుతారేమోనని వణికిపోతున్నాను. ఆ క్షణాన నేనొక్కదాన్నే అక్కడ ఉండలేను.