అసలు జరగని పెళ్ళికి ముందురోజు

కియోజ్జా,
2017 నవంబరు 12, ఆదివారం.

ఎలీదె అత్తయ్యకు,

నీవెస్ దండాలు పెట్టి రాస్తున్న ఉత్తరం. నా ఒంట్లో బాగానే ఉంది. మీ మనవరాలు జోయా కూడా పాదువాలో బాగానే ఉంది, జుట్టు కత్తిరించే దుకాణంలో దానికంటూ ఒక కుర్చీ ఇచ్చారట. ఈ పొగమంచుకి మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయో, కొత్త మందు పడిందో లేదో నాకు తెలియదు. ఫోనులో మీకు సరిగ్గా వినబడదు. వంతెన దాటి సొత్తొమరీనా దాకా వచ్చి, మీ ఎదురుగా కూర్చుని చెబుదామంటే నాకు నోరు రాదు. అందుకని రాస్తున్నాను. మీకు కళ్ళు ఆనవు కాబట్టి మీ అబ్బాయి లోరిసో, అతనితో ఉంటున్న మొరేనానో చదివి వినిపిస్తారని తెలుసు. వింటే విననివ్వండి. మొరేనా, చదువుతున్నది నువ్వే అయితే ఆవిడ ఎడమ చెవి వైపు కూర్చుని చదువు. కుడి చెవి వైపు కూర్చుంటే అన్నిటికీ తలూపుతారు గాని ఒక్క ముక్క వినబడదు.

మిమ్మల్ని అత్తయ్యా అని పిలవచ్చా లేదా అని మా వకీలు పెంజోను అడిగాను. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, దాని గురించి ఏ చట్టమూ పట్టించుకోదు, మీ ఇష్టం అన్నాడు. కాబట్టి అలాగే పిలుస్తున్నాను.

తీర్పు గురువారం చేరింది. మీకూ తెలిసే ఉంటుంది. మీ అబ్బాయికీ నాకూ మధ్య పెళ్ళి అనేది మొదటి నుంచీ లేదని మన చర్చి పెద్దల శ్రీసభ న్యాయస్థానం తేల్చింది. విడిపోయిందని కాదు, లేనే లేదని. చేపల బజారులో నా గట్టు వెనక నిలబడి తడిచేతులతోనే చదివాను. ఈలోగా పక్కసందు ముసలావిడ వచ్చి, ఏమ్మా, ఈ సార్డీన్లు ఇవాళ్టివేనా, నిన్నటివి అంటగడుతున్నావా అని మొదలుపెట్టింది. కాగితం ఏప్రాను జేబులో పెట్టుకుని తూచి ఇచ్చాను. రోజంతా మంచుగడ్డల్లో పెట్టిన చేతులకి చాకు తెగినా తెలియదు, రక్తం కనిపిస్తేనే తెలుస్తుంది. నాకూ అంతే. ఏడుపు వస్తుందేమోనని రాత్రి దాకా చూశాను, రాలేదు. సూపు వేడి చేసుకుని తాగి పడుకున్నాను.

పురపాలక భవనంలో విడాకుల సంతకాలు పెట్టిన రోజు గుర్తొచ్చింది. అక్కడ గుమాస్తా మమ్మల్ని ఏమీ అడగలేదు. ఎందుకు అన్న మాటే లేదు. ఇద్దరికీ ఇష్టమేనా అన్నాడు, ఇష్టమే అన్నాం, ఇక్కడా ఇక్కడా సంతకం పెట్టండి, నెల తర్వాత వచ్చి ఖాయం చేయండి అన్నాడు. లోరిస్ కలం సరిగ్గా రాయకపోతే నా కలమే ఇచ్చాను. కరెంటు కనెక్షను కట్టేయించుకున్నంత సులువుగా అయిపోయింది. అప్పుడు మీరు నాతో ఏమన్నారో నాకు గుర్తుంది. రాజ్యం విడదీస్తే దేవుడు విడదీసినట్టా, వాడు ఆ మనిషితో కాపురం చేస్తున్నన్నాళ్ళూ దివ్యసత్ప్రసాదం ముట్టుకోకూడదు, నేను కళ్ళు మూసేలోగా ఒక్కసారి వాణ్ణి పక్కన నిలబెట్టుకుని నాలుక మీద ప్రసాదం తీసుకుంటే చాలు అన్నారు. ఆ మాట నా మనసులోంచి పోలేదు. మా పెళ్ళి లేదని శ్రీసభ అంటేనే లోరిస్ మొరేనాని గుళ్ళో చేసుకోగలడు, అందుకే అక్కడ అర్జీ పెట్టుకున్నాడు.

శ్రీసభ వారి దగ్గర అంతా తలకిందులు. వాళ్ళు అన్నీ అడుగుతారు, కాని పెళ్ళినాటి ఉదయం గురించే అడుగుతారు. విచారణ చేసిన న్యాయమూర్తి మర్యాదస్తుడైన ఫాదరే, నీళ్ళు కూడా తెప్పించి ఇచ్చాడు. నేను, లోరిస్‌కి న్యుమోనియా వచ్చినప్పుడు ఆసుపత్రిలో కూర్చున్న సంగతి, పడవ ఇంజను పోయిన శీతాకాలం ఇద్దరం నత్తగుల్లలు ఏరుకుని బతికిన సంగతి చెప్పబోయాను. ఆయన చెయ్యి మెల్లగా ఎత్తి, అమ్మా, అవి తర్వాతి సంగతులు అన్నాడు. దేశంలో విడాకుల చట్టం ఉండటం తప్పు కాదట. బలిపీఠం ముందు నిలబడి సరే అన్నప్పుడు, నచ్చకపోతే ఆ చట్టం ఉందిలే అన్న ఆలోచన పెళ్ళికొడుకు మనసులో గట్టిగా ఉందా లేదా అన్నదే ప్రశ్న అట. ఉంటే పైకి చెప్పిన సరే చెల్లదు, పెళ్ళి లేదు. లేకపోతే పెళ్ళి ఉంది, చచ్చేదాకా ఉంది.

రాజ్యం చివరి రోజే చూస్తుంది, శ్రీసభ మొదటి రోజే చూస్తుంది. నడుమ నేను బతికిన ఇరవై చిల్లర ఏళ్ళు చూడటం ఎవరి పనీ కాదు. ఇది కోపంతో అనడం లేదు, ఎవరి పని వాళ్ళు చేశారు.

ఒక్కచోట మాత్రం రాజ్యం కాస్త నడుమకు తొంగిచూస్తుందని పెంజో చెప్పాడు. మూడేళ్ళకు మించి భార్యాభర్తలుగా కలిసి బతికితే, శ్రీసభ ఆ పెళ్ళి లేదన్నా ప్రభుత్వ న్యాయస్థానం దాన్ని అడ్డుకోవచ్చట. అంటే పురపాలక భవనంలో నేను విడాకులు పుచ్చుకున్నదాన్ని. గుళ్ళో ఎన్నడూ పెళ్ళి కానిదాన్ని. ఆ రెండిటి మధ్యలో ఉన్న కూడలిలో నేనేమిటో నాకు తెలియదు. జోయాకి చెబితే, మరి నేనెవరినే అమ్మా, గాలికి పుట్టానా అంది నవ్వుతూనే. రెండు చట్టాల ప్రకారమూ నువ్వు సక్రమంగా పుట్టినదానివే, వకీలు చూపించాడు అన్నాను. అది నవ్వడం మానేసి, వాళ్ళు చెప్పబట్టి బతికిపోయాను అంది.

ఇక వివాహ బంధ పరిరక్షకుడి గురించి చెప్పాలి. మీరు ఆయన్ని చూశారో లేదో. ఒత్తొరీనో అని ముసలి ఫాదర్, పెల్లెస్త్రీనా దీవి మనిషి, ఎప్పుడూ ముక్కు చీదుతుంటాడు. పెళ్ళి నిలుస్తుందని వాదించడమే ఆయన ఉద్యోగం. ఎవరూ అక్కర్లేదన్న పెళ్ళి తరఫున కూడా ఎవరో ఒకరు మాట్లాడాలని శ్రీసభ చట్టంలో ఉందట. లోరిస్ వద్దన్నాడు. నేను పోరాడనని మొదట్లోనే చెప్పేశాను. గదిలో నా పెళ్ళి కావాలన్నది ఆయన ఒక్కడే. ఇల్లు కొన్నారు, బిడ్డని కన్నారు, వదిలేసే ఉద్దేశం ఉన్నవాడు ఇలా చేస్తాడా అని గట్టిగా అడిగాడు. నా తరఫున మా పుట్టింటివాళ్ళు కూడా అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

మీ సాక్ష్యం నాకు చదివి వినిపించారు. పెళ్ళికి ముందురోజు సాయంత్రం మీరు వంటింట్లో కటిల్ ఫిష్ శుభ్రం చేస్తుంటే లోరిస్ వచ్చి బల్ల దగ్గర కూర్చుని, అమ్మా, చేసుకుంటున్నాను గాని కుదరకపోతే ఉండను, విడాకులున్నాయి కదా అన్నాడని మీరు సువిశేష గ్రంథం మీద చెయ్యి పెట్టి చెప్పారు. లోరిస్ కూడా అదే చెప్పాడు. కేసంతా దాని మీదే నిలబడిందని పెంజో అన్నాడు. ఎప్పుడో, ఎవరూ వ్యాజ్యం ఊహించని రోజుల్లో, కన్నతల్లితో అన్న మాట కాబట్టి విలువెక్కువ.

అప్పుడు ఫాదర్ ఒత్తొరీనో రుమాలు మడుచుకుని నా వైపు తిరిగాడు.

"మా పెల్లెస్త్రీనాలో పెళ్ళికి ముందురోజు సాయంత్రం అత్తగారు వెళ్ళి కోడలితో కలిసి కొత్త మంచం వేస్తుందమ్మా. పరుపు కింద మట్టలాదివారం నాటి ఆలివ్ కొమ్మ పెడతారు. మీ కియోజ్జాలో ఆ ఆచారం లేదా?"

ఉందన్నాను.

"మరి మీ మంచం ఎప్పుడు వేశారు? ఆ సాయంత్రం మీ అత్తగారు ఎక్కడున్నారు?"

"గుర్తులేదు ఫాదర్" అన్నాను.

బాగా ఆలోచించి చెప్పమన్నాడు. ఆలోచించినట్టు కాసేపు కిటికీ వైపు చూసి, మళ్ళీ గుర్తులేదన్నాను. రాసుకోండి అన్నాడు. ఆ తర్వాత ముక్కు చీదుకున్నాడు. అంతే, నా తరఫు వాదన అయిపోయింది.

ఈస్టరు తర్వాత వాళ్ళిద్దరి పెళ్ళి అని బజారులో చెప్పుకుంటున్నారు. మంచిది. మొరేనా మంచి పిల్లే, ఆ మాట ముందూ అన్నాను. మీ చేతి లేసు అల్లిన తెల్ల దుప్పటి నా దగ్గరే ఉంది, ఆ మంచానికి వేసినదే. కావాలంటే ఉతికి గంజి పెట్టి పంపిస్తాను. ఆదివారాలు నీవెస్ భోజనానికి ఇంక రాదా అని మీరు సార్డీన్లు కొనే ఆవిడతో కబురు పెట్టారట. ఆవిడకి సార్డీన్లు తూచి ఇచ్చి పంపాను. నిన్న సాన్ మార్తీనో పండక్కి పిల్లలు గిన్నెలు వాయించుకుంటూ మా సందులోకి వచ్చారు. మిఠాయి ఇచ్చి పంపాను. మీకోసం కూడా గుర్రం బొమ్మలా చేసిన పండగ బిస్కత్తు ఒకటి కొన్నాను, ఎందుకు కొన్నానో. మెత్తబడిపోకముందే జోయా చేత పంపిస్తాను.

లోరిస్‌ని పడవ మీద మెడకి ఏదైనా చుట్టుకోమనండి.

ఎప్పటిలాగే మీ,
నీవెస్

ఇక ఇది: ఈ కాగితం విడిగా మడిచి, మీ పేరు రాసి పెట్టాను. అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. ఇది ఎవరిచేతా చదివించుకోకండి, భూతద్దం పెట్టుకుని మీరే చదువుకుని పొయ్యిలో వేయండి.

ఆ సాయంత్రం మీరు వంటింట్లో లేరు. నాతో ఉన్నారు. మంచం వేసి, ఆలివ్ కొమ్మ పెట్టి, దుప్పటి ముడతలు చేత్తో సర్దేసరికి దక్షిణపు గాలి లేచింది. మెట్లు దిగి తలుపు తీస్తే సందంతా సముద్రమే. నాకు నడుము లోతు, మీకు ఛాతీ దాకా వస్తుంది. బూట్లు లేవు, కొత్తింట్లో ఫోను లేదు. మామయ్యా లోరిసూ పడవ తాళ్ళు తెగకుండా రేవులో రాత్రంతా కాపలా ఉన్నారు. మీరు మీ చెల్లెలి ఇంట్లో చిక్కుకున్నారని వాళ్ళు అనుకున్నారు. మనిద్దరం ఆ మంచం మీదే పడుకున్నాం. తెల్లారి నీళ్ళు తీశాక మళ్ళీ దుప్పటి సర్ది, కొత్త దంపతుల కంటే ముందు ఇంకొకరు పడుకోవడం అరిష్టం, ఎవరికీ చెప్పకు, వాడికి కూడా చెప్పకు అన్నారు. నేను ఎవరికీ చెప్పలేదు.

ఆ మాట చెబితే నా పెళ్ళి నిలిచేది. మీరు సువిశేషం మీద అబద్ధమాడినట్టయ్యేది. ఆ పెళ్ళిలో లోరిస్ ఎలాగూ లేడు. మీరింకా ఉన్నారు. అందుకని గుర్తులేదన్నాను. పెద్ద త్యాగమనుకోకండి, అప్పుడు నాకేమీ అనిపించలేదు.

మీరు నిజంగా మరచిపోయారో, నేను నోరు విప్పనని నమ్మారో నాకు తెలియదు. ఆ రాత్రి మీ పాదాలు మంచులా ఉంటే నా పిక్కల మధ్య పెట్టుకుని వెచ్చబెట్టాను. మీరు నిద్దట్లో ఏడుస్తున్నారేమో అనుకున్నాను, కాదు, నవ్వుతున్నారు. పెళ్ళికొడుకు కంటే ముందు నేనొచ్చి పడుకున్నానే అన్నారు.

నన్ను న్యాయస్థానంలో అడిగారు, గుర్తులేదన్నాను. ఆ మంచం సంగతి మిమ్మల్ని ఎవరూ అడగలేదు. నేను అడుగుతున్నాను. మీకు గుర్తుందా అత్తయ్యా? ఉంటే ఆదివారం వస్తాను.