ఉప్పునీళ్ల డాక్టరు

ఫిబ్రవరి 9, సోమవారం

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాను. పిత్తాశయం తీసేశారు. అందులోని రాళ్లను చిన్న సీసాలో వేసి చేతికిచ్చారు, బహుమతిలా. వీటిని ఎక్కడ పెట్టమంటారని కోడలు అడిగింది. పారేయమన్నాను. అంటే, అనబోయాను. గాలి వచ్చింది, మాట రాలేదు. చేత్తో చూపించాను.

మత్తులో ఉన్నంతసేపూ ఊపిరి ఆడించడానికి గొంతులోకి ట్యూబ్ వేశారట. గొంతు బొంగురుపోవడం మామూలేనట. మత్తు డాక్టరు వచ్చి చూడలేదు. నర్సు ఫోన్ చేస్తే, ఉప్పునీళ్లు పుక్కిలించమనండి, రెండు రోజుల్లో అదే తగ్గుతుంది అన్నాడట. అతని నవ్వుతో సహా అప్పజెప్పింది నర్సు.

పై పెదవి లోపల చీరుకుంది. ముందు పన్ను అంచు విరిగింది. నాలుక ఊరుకోక మాటిమాటికీ అక్కడికే పోతోంది.

ఫిబ్రవరి 11

రెండు రోజులయ్యాయి. తగ్గలేదు.

ఫిబ్రవరి 12, సాయంత్రం

అక్కకు ఫోన్ చేశాను. చూపు పోయిన దగ్గర్నుంచి తనకు రోజూ పేపరు చదివి వినిపించేది నేనే. తను వేరే ఊళ్లో కూతురి దగ్గర ఉంటుంది. ఆ పిల్ల ఆఫీసు నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. నేను చదివేది ముందు మరణ వార్తలు, తర్వాత రాజకీయాలు, చివర్లో ఆటలు. మా తమ్ముడు పోయినప్పుడు అక్క గుండె తట్టుకోలేదని ఆ కూతురే చాలా రోజులు దాచింది. మామయ్య ఊరెళ్లాడు, అక్కడ ఫోన్ అందదు అని చెబుతూ వచ్చింది. అప్పటి నుంచి అక్క ఎవరినీ నమ్మదు. మరణ వార్తలు ముందు చదివితే గాని మిగతాది విననంటుంది.

మధ్యలో అడ్డు తగలడం తన అలవాటు. వాక్యం పూర్తి కానీ అని కసరడం నా అలవాటు.

ఈరోజు ఎంత బిగబట్టినా బుస లాంటిదే వచ్చింది. ఎవరని అడిగింది. మళ్లీ అడిగింది. ఆడవాళ్లకు ఫోన్ చేసి ఊపిరి వినిపిస్తావా, సిగ్గు లేదూ అని తిట్టి పెట్టేసింది.

కోడలు నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది. నాకు నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 20

నానమ్మ సైలెంట్ మోడ్‌లో ఉందని మనవరాలు స్నేహితులందరికీ చెబుతోంది. ఈ ఇంట్లో నా నోటికి జడిసే రోజులు పోయాయి. టీవీ సౌండు పెరిగింది. కొడుకు తడి తువ్వాలు పరుపు మీద వేసి వెళ్లాడు. హెడ్మిస్ట్రెస్‌గా పని చేసినన్నాళ్లూ నేను బెత్తం పట్టలేదు. గొంతు చాలేది.

మంచినీళ్లు తాగినా పొలమారుతోంది. అయినా ఉప్పునీళ్లు పుక్కిలిస్తూనే ఉన్నాను. చెప్పింది చెప్పినట్టు చేయడం నా పద్ధతి.

మార్చి 10

కొడుకు ఈఎన్‌టీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ముక్కులోంచి సన్నని కెమెరా పంపి, నా స్వరతంత్రుల్ని తెర మీద చూపించింది. ఒకటి కదులుతోంది. రెండోది చచ్చిన పురుగులా పడి ఉంది. ట్యూబ్ తగిలి, దాన్ని తిప్పే చిన్న కీలు తప్పిందట. ఎంత జాగ్రత్తగా వేసినా ఎప్పుడో ఒకరికి ఇలా అవుతుందట. అందులో అతని తప్పు ఉందో లేదో తాను చెప్పలేనంది.

సరే. అది వదిలేశాను.

మొదటి రోజుల్లోనే చూసి ఉంటే సర్దేవాళ్లట. ఇప్పుడు బిగుసుకుపోయిందట. థెరపీ చేస్తే, కదిలే తంత్రి కదలనిదాని దాకా జరిగి ఆనుకోవడం నేర్చుకోవచ్చు. నేర్చుకోకపోనూ వచ్చు.

మొదటి రోజుల్లోనే. అంటే, నేను పుక్కిలిస్తున్న రోజుల్లో.

ట్యూబ్ తగిలినందుకు అతన్ని క్షమిస్తాను. వచ్చి చూడనందుకు క్షమించను.

మార్చి 11

మనసు చాలా ప్రశాంతంగా ఉంది. కక్ష ఇంత హాయిగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

మార్చి 18

సూపరింటెండెంటు గదిలో మీటింగు. నా తరఫున కొడుకు మాట్లాడబోతే తొడ మీద గిల్లాను. ఏసీ ఆపించాను. ఫ్యాన్ ఆపించాను. తలుపు మూయించాను. నా గుసగుస వినాలంటే అందరూ నా వైపు వంగాలి. వంగారు. సూపరింటెండెంటు గారి చెమట ఫైలు మీద పడింది.

మత్తు డాక్టరు చిన్నవాడే. కళ్ల కింద నలుపు. నా మెడ బిగుసుకుని ఉండటంతో ట్యూబ్ రెండోసారి వేయాల్సి వచ్చిందని దాచకుండా చెప్పాడు. ఆ సాయంత్రం వార్డుకు ఎందుకు రాలేదని అడిగాను. కేసులు ఎక్కువగా ఉన్నాయన్నాడు. మరి మర్నాడు? నేల చూశాడు.

సూపరింటెండెంటు పరిహారం మాటెత్తాడు. వద్దన్నాను. మెడికల్ కౌన్సిల్‌కు రాసిన ఫిర్యాదు బల్ల మీద పెట్టి, షరతు చెప్పాను. నా గొంతు వచ్చేదాకా అతను రోజూ డ్యూటీ దిగాక మా ఇంటికి వచ్చి, ఫోన్లో మా అక్కకు పేపరు చదవాలి. నా గొంతు పోగొట్టాడు కాబట్టి తన గొంతు ఇస్తాడు. మానేసిన రోజు ఫిర్యాదు పోస్టులో పడుతుంది.

నాకు మతిపోయిందని దారి పొడవునా కొడుకు సణిగాడు. అతను మాత్రం ఒప్పుకున్నాడు.

మార్చి 19

ఉప్పునీళ్లు వచ్చాడు. ఇంట్లో అందరం అతన్ని అలాగే అంటున్నాం.

వెన్ను ఆనించడానికి వీల్లేని స్టూలు వేయించాను. అమ్మకు గొంతు బాగాలేదు, ఈ అబ్బాయి చదువుతాడు అని కొడుకు అక్కకు చెప్పి ఫోన్ స్పీకర్లో పెట్టాడు. మరణ వార్తలతో మొదలుపెట్టించాను. మనుషుల్ని నిద్రపుచ్చి లేపే మత్తు డాక్టరు కదా, పోయినవాళ్ల మొదటి పేరు దగ్గరే తడబడ్డాడు. ఒత్తులు మింగేస్తున్నాడు. తప్పు వచ్చినప్పుడల్లా ఎర్ర పెన్సిల్ ఎత్తాను. ఎత్తితే వాక్యం మళ్లీ మొదటి నుంచి చదవాలి.

చెయ్యి నొప్పి పుట్టింది. తృప్తిగా ఉంది.

మార్చి 27

అక్క అతన్ని బాబూ అంటోంది. తిన్నావా, కాళ్లు నొప్పులా అని అడుగుతోంది. నన్ను ఎన్నడూ అడగలేదు.

ఏప్రిల్ 6

కేసు ఆలస్యమైందని ఆపరేషన్ థియేటర్ బట్టల్లోనే పరుగెత్తుకొచ్చాడు. కోడలు మంచినీళ్లు తేబోతే కళ్లతో ఆపాను. చదవడం అయ్యాకే.

ఏప్రిల్ 24

థెరపీలో ఈరోజు ‘ఆ’ అన్నాను. గాలి కాదు, శబ్దం. తుప్పు పట్టిన గేటు తీసినట్టుంది. థెరపిస్టు చప్పట్లు కొట్టింది. ఇంట్లో చెప్పవద్దని సైగ చేశాను.

గొంతు వచ్చిందంటే అతని శిక్ష అయిపోతుంది. అయిపోవడానికి వీల్లేదు.

మే 3

స్నానాల గదిలో కుళాయి తిప్పి పూర్తి వాక్యాలు సాధన చేస్తున్నాను. గోడనే కొడుకనుకుని తువ్వాలు గురించి తిట్టాను. బాగా వచ్చింది.

మే 8

అతను రెండో మరణ వార్త చదువుతుండగా అక్క ఆపింది.

“బాబూ, మా చెల్లి పేరు దాటేస్తున్నావా?”

అతనికి అర్థం కాలేదు. అక్క నిదానంగా చెప్పింది. తమ్ముడు పోయినప్పుడూ ఇలాగే అబద్ధాలు చెప్పారని, ఆపరేషన్ రోజు నుంచి చెల్లి గొంతు వినలేదని. కూతురు వీడియో కాల్‌లో నన్ను కళ్లారా చూశానంటోందట, కానీ తమ్ముడు ఊరెళ్లాడని చెప్పిందీ ఆ కూతురే కదా అంది. పోయి ఉంటే చెప్పెయ్, నా ఏడుపు నేను ఏడుస్తాను అంది.

ఆవిడ నా ఎదురుగానే ఉన్నారు అన్నాడు అతను. అయితే ఒక్క మాట మాట్లాడించు అంది అక్క.

అతను నా వైపు చూశాడు. మాట నాలుక చివర దాకా వచ్చింది. కాని అతని ముఖం పాలిపోయి ఉంది, అది ఇంకాసేపు చూడాలనిపించింది. రాసుకుంటున్నాను కాబట్టి ఉన్నదే రాస్తాను. పేపరు వైపు వేలు చూపించాను.

అతను చదివాడు. అక్క వినడం లేదు. ఏడుస్తోంది. ఆటల పేజీ దాకా విన్నాను ఆ ఏడుపు.

మే 9

అన్నం సయించలేదు.

సాయంత్రం అతను వచ్చి స్టూలు మీద కూర్చోలేదు. నిలబడే చెప్పాడు, నా దగ్గు మారిందని. తంత్రులు రెండూ ఆనుకుంటే గాని అంత గట్టి దగ్గు రాదట. చాలా రోజుల క్రితమే గమనించాడట. తెలిసీ ఎందుకు వస్తున్నావని అడిగాను. అది కూడా గుసగుసగానే అడిగాను. మీరు చెప్పేదాకా గొంతు రానట్టే కదా అన్నాడు. పైగా అక్కడ పెద్దమ్మగారు ఎదురుచూస్తుంటారు అన్నాడు.

ఫోన్ నేనే కలిపాను. అక్కా అన్నాను.

ఇది మా చెల్లి గొంతు కాదు, ఇప్పుడు తన బదులు మనిషిని కూడా పెట్టారా అంది. నిజమే, నా గొంతు కాదు. పాతది ఇక రాదు. జవాబు చెప్పకుండా పేపరు విప్పి మొదటి మరణ వార్త చదవడం మొదలుపెట్టాను. సగంలో అక్క అడ్డు తగిలింది.

“వాక్యం పూర్తి కానీ,” అన్నాను.

సరే చదువు, నీ నోరు మాత్రం బాగు చేయలేదా వాళ్లు అంది అక్క. ముక్కు చీదుకోవడం వినబడింది.

షరతు తీరింది కాబట్టి అతను చెప్పుల దగ్గరికి వెళ్లాడు. రాజకీయాలు సగమయ్యేసరికి నా గొంతు అలిసిపోయింది. ఆటల పేజీ మిగిలింది, వచ్చి కూర్చో అన్నాను. స్టూలు తీయించి కుర్చీ వేయించాను. ఎర్ర పెన్సిల్ మాత్రం చేతిలోనే ఉంచుకున్నాను.

మే 21

ఉప్పునీళ్లకు జలుబు. గొంతు బొంగురుపోయింది. మామూలే, ఉప్పునీళ్లు పుక్కిలించు, రెండు రోజుల్లో అదే తగ్గుతుంది అన్నాను. అతని నవ్వుతో సహా అన్నాను. ఈ మాట ఎప్పటి నుంచి దాచుకున్నానో.

మే 23

రెండు రోజులయ్యాయి. వచ్చాడు. టార్చి తెచ్చి, నోరు తెరవమన్నాను.