పాత సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది

అక్కకి,

నీ చెల్లెలు సరళ నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ బావగారూ పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నేను ఫోన్ ఎత్తడం లేదని నీకు కోపంగా ఉందని తెలుసు. ఫోన్‌లో నువ్వు ఏడుస్తావు, నాకేమో మాట రాదు. అందుకే రాస్తున్నాను. నిజంగా బాగానే ఉన్నాను.

నేను వినుకొండ నుంచి వచ్చేసరికే ఇక్కడ ఎండలు ముదిరాయి. మైపాడు సముద్రం పక్కనే అన్న మాటే గానీ చల్లగా ఏమీ ఉండదు, ఒళ్ళంతా జిగట. గది చిన్నదే, నాకు చాలు. ఇంటావిడ మస్తానమ్మ గారు మంచి మనిషి. ఇక్కడ పులుపూ కారమూ మనకంటే ఎక్కువ. వేళకి తింటున్నాను. ఆకలేసి కాదు, వేళయింది కాబట్టి. మా ఆయన పోయాక అన్నీ అలాగే జరుగుతున్నాయి. నువ్వు దిగులు పడకు.

పని సంగతి అడిగావు కదా. రొయ్య పిల్లల్ని పెంచి చెరువుల రైతులకి అమ్మే హేచరీ ఇది. ఆఫీసులో ఇద్దరమే, నేనూ పెంచలయ్య గారూ. ఆయనకి అరవై దగ్గర పడుతున్నాయి. ఎప్పుడో ఎవరో రాసిచ్చిన పాత సాఫ్ట్‌వేర్‌లో బిల్లులు కొడతాడు. అది తప్ప ఇంకోటి ఆయనకి రాదు. కొత్త సాఫ్ట్‌వేర్ తెలిసిన మనిషి కావాలని నన్ను పెట్టుకున్నారు. ఆయన కుర్చీలోకే నన్ను తెచ్చారని చేరినప్పుడు నాకు తెలియదు.

ఉప్పుగాలికి తుప్పు పట్టి పాత కంప్యూటర్ ఆగిపోయింది. పోయిన వారం కొత్తది వచ్చింది. ఓనరు రెడ్డిగారు నన్ను పిలిచి, "సరళమ్మా, మన పాత సాఫ్ట్‌వేరు దీంట్లో నడస్తాదో లేదో చూసి చెప్పు. నడవకపోతే కొత్తదే పెట్టేద్దాం. పెంచలయ్యకి వయసైపోయినాది, ఇంటి పట్టునుంటాడు" అన్నాడు.

"నడిస్తేనండీ?" అన్నాను.

"నడిస్తే ఇంక నువ్వెందుకమ్మా" అని నవ్వాడు. చెడ్డవాడు కాదక్కా. ఇద్దరికి సరిపడా పని ఇక్కడ లేదు, అది నిజమే.

పెంచలయ్య గారికి ఎలా తెలిసిందో, కళ్ళజోడు పెట్టె, స్టీలు గ్లాసు, కుర్చీ మీద మెత్త అన్నీ సంచిలో సర్దేసుకుని బయట తొట్టి గట్టు మీద కూర్చున్నాడు.

పాత డిస్కులోంచి తీసి కొత్తదాంట్లో వేసి మొదటిసారి నొక్కితే, ఈ ప్రోగ్రాం ఈ సిస్టంలో నడవదని వచ్చింది. అక్కడితో లేచిపోతే నన్నెవరూ ఏమీ అనరు. కానీ పాత సిస్టంలో ఉన్నట్టే నడిపించే సెట్టింగ్ ఒకటుంటుంది. మన ఊళ్ళో కంప్యూటర్ షాపులో పని చేసినప్పుడు ఎన్నోసార్లు పెట్టాను. చెయ్యి దానంతటదే అక్కడికి పోయింది. మళ్ళీ నొక్కితే నీలం తెర వచ్చింది, వెనకే రైతుల పేర్లన్నీ వచ్చాయి. ప్రింటరు కాసేపు మొరాయించింది. దాన్ని తీసేసి మళ్ళీ కలిపితే బిల్లు కూడా వచ్చింది.

సంతోషమో భయమో ఏదో ఒకటి కలగాలి కదా. ఏదీ కలగలేదు. లోపలికెళ్ళి, "నడుస్తోందండీ. ఇంకోసారి సిస్టం మారిస్తే మాత్రం చెప్పలేను" అన్నాను.

రెడ్డిగారు కాసేపు నా మొహం చూశాడు. "ఇంకోసారి చూస్తావా?"

"చూశానండీ."

"సరే. నెలాఖరు దాకా ఉండు" అన్నాడు.

ఇదీ సంగతి. అమ్మకి ఇప్పుడే చెప్పకు. నా డిగ్రీ సర్టిఫికెట్ నీ బీరువాలో ఉంది, రిజిస్టర్ పోస్టులో పంపు. నెల్లూరు టౌనులో ఏదైనా దొరుకుతుందేమో చూస్తాను. అక్కడికి వచ్చేయమని మాత్రం అనకు, మేమిద్దరం ఉన్న ఆ ఇంటి ముందు నుంచి ఇప్పుడప్పుడే నడవలేను.

ఇంకొక్క మాట. సాయంత్రం పెంచలయ్య గారు సంచి పట్టుకుని వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"నడవలేదని చెప్పుంటే ఎవరికీ తెలిసేది కాదు గదమ్మా. ఎందుకు చెప్పలా?"

"తెరుచుకుంది కదండీ. తెరుచుకుందని చెప్పాను."

ఆయన సంచి కింద పెట్టి నాకు దణ్ణం పెట్టాడు. పెద్దాయన పెట్టకూడదు కదా, గబుక్కున ఆ చేతులు పట్టుకుని కిందికి దించాను. ఎండకి కూర్చుని కూర్చుని వేడిగా ఉన్నాయి. మనిషి చేతులు వేడిగా ఉంటాయని మర్చిపోయానక్కా. వెంటనే వదలబుద్ధి కాలేదు.

అమ్మ కాళ్ళకి నా బదులు నువ్వు దణ్ణం పెట్టు. బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. నన్ను దీవించు.

నీ చెల్లెలు,
సరళ