ఒంటరివారికి గది ఇవ్వని లాడ్జీ గురించి

చల్లపల్లి,
26-4-2004

బందరు డివిజను అధికారి గారి సముఖమునకు, జిల్లా పరిషత్ హైస్కూలు లెక్కల టీచరు, నలభై ఆరేళ్ళ అవివాహిత వేమూరి సత్యవేణి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పెళ్ళికానివారు ప్రాణం తీసుకుంటారేమోనని లాడ్జీలలో గది నిరాకరించుట – మాన్పించమని కోరుట.

1. ఈ నెల 12న, పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ మీద బందరు వచ్చి, సాయంత్రం నాలుగింటికి బస్టాండు దగ్గరి ఒక లాడ్జీలో గది అడిగియున్నాను. గుమాస్తా బాబూరావు నా భర్త పేరు అడిగినాడు. లేడన్నాను. పెన్ను కింద పెట్టి, గోడకు అంటించిన పేపరు ముక్క చూపించినాడు. పెళ్ళికానివారిలో, వితంతువులలో, విడాకులైనవారిలో ఆత్మహత్యలు ఎక్కువని అందులో ఉన్నది.

"పోయిన నెల పైగదిలో ఒకాయన పోయాడండీ. అప్పట్నుంచీ ఒంటరివాళ్ళకి ఇవ్వొద్దన్నారు ఓనరు గారు."

"ఆయన పెళ్ళికానివాడా?"

"లేదండీ. భార్యా, ఇద్దరు పిల్లలూను."

"మరి పెళ్ళయినవాళ్ళని కదా ఆపాల్సింది?"

"వాళ్ళని ఆపితే లాడ్జీ ఎట్లా నడుస్తుందండీ?"

2. సగటు అంటే ఏమిటో ఇరవై మూడేళ్ళుగా పిల్లలకు చెప్తున్నాను. వేలమందిని లెక్కగట్టి చెప్పిన మాటను ఒక మనిషి నుదుట అంటించకూడదని తొమ్మిదో తరగతి పిల్లవాడికీ తెలుసు. పైగా నేను దివిసీమ ఉప్పెనలో తాటిచెట్టు పట్టుకుని బతికినదాన్ని. చావడానికి బస్సెక్కి, టిక్కెట్టు కొనుక్కుని బందరు రానక్కరలేదు.

3. అంతలో గుడివాడ భానుమతి వచ్చినది. సోషల్ టీచరు, పేపర్లు దిద్దే చోట ఏటా కలుస్తాము. తనూ ఒక్కతే వచ్చినది. బాబూరావు ఆమె భర్త పేరు పిచ్చేశ్వరరావు అని రాసుకుని, మారు మాట లేకుండా తాళం చేతిలో పెట్టినాడు.

"ఆవిడా ఒంటరిగానే వచ్చింది కదయ్యా?"

"ఒంటరిగా వచ్చారు గానీ, ఒంటరివారు కాదు కదండీ!"

నేను తన గదిలో ఉంటానన్నాను. భానుమతి ముఖం పాలిపోయినది. సంచీ దగ్గరకు లాక్కుని "సరే, రా అక్కా" అన్నది.

4. గదిలో తన సంచీ తీసి పక్కన పెట్టబోతే తేలిగ్గా ఉన్నది. మార్చుకోను చీర లేదు. దువ్వెన లేదు. డ్యూటీ ఆర్డరు అడిగితే ఈ ఏడు తనకు డ్యూటీయే పడలేదన్నది.

"ఎందుకొచ్చావే మరి?"

"తిరిగి వెళ్ళాలని రాలేదక్కా."

పన్నెండేళ్ళ కాపురంలో తనను ఏమైందని అడిగినవాళ్ళు లేరట. "ఇంట్లో నేనున్నానో లేనో ఎవరికీ పట్టదక్కా," అన్నది. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. తెల్లవారాక డ్యూటీ మానేసి డాక్టరు గారి దగ్గరకు తీసుకువెళ్ళాను. మందులు రాసి, ఒక్కదాన్నే వదలవద్దన్నారు. అక్కడి నుంచి మా ఇంటికి తెచ్చుకున్నాను.

నాలుగో నాటికి భర్త గారు వచ్చి, "పెళ్ళీ పెటాకులూ లేనిదానితో ఉంటే దీనికీ పిచ్చెక్కుద్ది" అని సెలవిచ్చినారు. ఎట్లా ఉన్నావని మాత్రం అడగలేదు. భానుమతి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నది. ఆయన కాఫీ తాగి వెళ్ళిపోయినారు.

నాకు వేరే గది ఇచ్చి ఉంటే ఏమయ్యేదో తలచుకోలేను. ఆ లాడ్జీవారి తెలివితక్కువే ఒక ప్రాణం కాపాడినది. అందుకు వారికి సన్మానం చేయనక్కరలేదు.

కావున ఆ పేపరు ముక్క చింపించి, తాళిని చూసి తాళం ఇచ్చే పద్ధతి మాన్పించి, వచ్చినవారు ఎవరైనా సరే ముఖం చూసి ఒక్క మంచి మాట అడగమని గుమాస్తాలకు చెప్పించ ప్రార్థన. చిత్తగించుటకు తీరిక లేకున్న, కనీసం చదువవలెను.

ఈ ఒక్క కాగితం వరకే తమ విధేయురాలు,
వేమూరి సత్యవేణి

తా.క.: నిన్న వంకాయ కూరలో కారం ఎక్కువేశానని భానుమతి నాతో పోట్లాడింది. రెండు వారాల్లో అదే మొదటిసారి గొంతు పెంచడం. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. కారానికే అనుకుని మంచినీళ్ళు తెచ్చిచ్చింది.