మంత్రసాని అవతలి ఒడ్డున ఉంది

ఎల్‌స్వోగ్,
1964 ఫిబ్రవరి 20.

ప్రియమైన సిన్నొవాకు,

నీ ఉత్తరం నిన్నటి పడవలో అందింది. ఇక్కడ నేనూ, రెండావులూ క్షేమం. బెర్గెన్ ఆసుపత్రిలో నీ తుంటి నొప్పి తగ్గిందనీ, కర్ర సాయంతో నాలుగడుగులు వేస్తున్నావనీ చదివి మనసు కాస్త కుదుటపడింది.

నువ్వు అడిగినవన్నీ చెబుతాను. నేలమాళిగలో బంగాళాదుంపలు గడ్డకట్టలేదు. కోడలు మారిత్ నీకోసం అల్లిన మేజోళ్లు పంపుతున్నాను. మన అబ్బాయి ఐవిన్ హెర్రింగ్ చేపల వేటకు పోయినవాడు ఇంకా తిరిగి రాలేదు.

పంచాయతీ ఇంటిని ఏం చేశారని అడిగావు. తాళం వేశారు. కొత్త సంవత్సరం నుంచి మనం అవతలి ఒడ్డు పట్నంలో కలిసిపోయాం కదా, వాళ్ల మనుషులొచ్చి బీరువాలు, జెండా, ఆఖరికి గోడ గడియారం కూడా పడవెక్కించారు. పక్కింటి ఊలా ఊరుకుంటాడా! "ఏమయ్యా మాజీ ప్రెసిడెంటూ, గడియారం తగిలించిన ఆ మేకు కూడా పీకి ఇవ్వకపోయావా, పీడా పోయేది!" అన్నాడు నాతో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మా తాత చెప్పేవాడు గుర్తుందా? ఒకప్పుడు మనకూ పట్నానికీ ఒకటే పంచాయతీ, ఒకటే చర్చి. ఒక ఈస్టర్ నాడు చర్చికెళ్లే పడవ సముద్రపు పాయ మధ్యలో బోల్తా పడింది. ఆ చావుల తర్వాతే మనకు సొంత చర్చి, సొంత పంచాయతీ, ఆనక సొంత మంత్రసాని వచ్చాయి. రాజధానిలో కూర్చుని మనల్ని కలిపేసిన పెద్దలకు ఈ కథ అక్కర్లేదు. "పటం మీద ఈ పాయ వేలెడే ఉంటుందండీ, గాలి లేచిన రోజు వచ్చి చూడండి" అని మీటింగులో గొంతు చించుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

గడియారంతో పాటు మంత్రసాని బొర్గ్‌హిల్డ్ ఉద్యోగం కూడా అటే పోయింది. వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని, "మారిత్‌కి నొప్పులు రాగానే ఫోన్ చెయ్యి తూర్‌లైవ్, ఈదుకుంటూ అయినా వస్తా" అంది.

సిన్నొవా, నువ్వు అన్నిటికన్నా ముందు అడిగినదానికి ఇంకా జవాబు రాయలేదు. ఇక్కడ అందరం క్షేమమని నేను రాయలేదని గమనించే ఉంటావు.

పోయిన గురువారం పొద్దున మారిత్‌కి నొప్పులొచ్చాయి, నెల ముందుగానే. బయట తుఫాను. ఊలా భార్య పరుగున వచ్చింది. నేను పట్నానికి ఫోన్ చేశాను.

"ఇవాళ పడవలు ఆపేశారండీ. మీ ఒడ్డున మంత్రసాని లేదా?" అన్నాడు ఎవరో గుమాస్తా.

"ఉండేది. మీరే పట్టుకుపోయారు!" అని అరిచాను.

బొర్గ్‌హిల్డ్ అవతలి రేవులో నిలబడి పడవవాళ్లను కాళ్లావేళ్లా పడి బతిమాలిందట. ఒక్కరూ పడవ కట్టు విప్పలేదు. ఆ గాలిలో వాళ్లనూ తప్పు పట్టలేను.

మధ్యాహ్నానికి మగపిల్లాడు పుట్టాడు. ఒళ్లంతా నీలం. ఊపిరి ఉండీ లేనట్టుంది. "పాస్టరు కోసం ఆగొద్దన్నయ్యా, నువ్వే నీళ్లు చల్లి బాప్తిస్మం ఇచ్చెయ్యి" అంది ఊలా భార్య. వంటింటి గిన్నెలో నీళ్లు తెచ్చి, ఏం పేరని మారిత్‌ని అడిగాను.

"తెలియనట్టు అడుగుతారేం మామయ్యా! మొదటి మనవడికి తాత పేరే కదా" అంది. అంత నీరసంలోనూ నవ్వింది.

నా పేరే పెట్టి వాడి నెత్తిన మూడుసార్లు నీళ్లు చల్లాను. ఆ తడి ఆరకముందే వాడు పోయాడు.

మారిత్ బతికింది. గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఐవిన్‌కి కబురు పంపాను కానీ ఏ రేవులో ఉన్నాడో తెలియదు. వాడు వస్తే మొహం ఎలా చూపించాలో కూడా తెలియదు.

పిల్లాణ్ణి మన చర్చి పక్కన, మా అమ్మ సమాధి పాదాల దగ్గర పెట్టాం. చెక్క శిలువ నేనే చేశాను, పేరూ నేనే చెక్కాను. పాతి, వెనక్కి జరిగి చదివాను. ఇంటిపేరుతో సహా అది నా పేరే. ఇంక ఎవరితోనూ పోట్లాడాలని లేదు సిన్నొవా. ఈ ఒడ్డు మీద నాకు ఏ ఆశా మిగల్లేదు.

పెళ్లికి ముందు నుంచీ నీకు రాసిన ప్రతి ఉత్తరం కింద పేరు పెట్టాను. ఇప్పుడూ పెడదామని చూశాను, చెయ్యి రాలేదు. ఆ పేరు వాడికి ఇచ్చేశాను.

ఇట్లు,
నీ భర్త