ఎడమ పక్క కమాను

రొంపిచెర్ల

ప్రియమైన తమ్ముడు బ్రహ్మయ్యకు అక్క హనుమాయమ్మ దీవెనలు. రాసేది పక్కింటి నీరజ. నా తిట్లు కూడా వదలకుండా రాయమన్నాను.

ములాఖత్‌కి వస్తే నన్ను చూడనని లోపలినుంచే చెప్పి పంపిస్తావా? ఏం, మొహం అరిగిపోతుందా? ఈ మోకాళ్ళతో అంత దూరం వచ్చి జైలు గేటు చూసి తిరిగొచ్చాను.

స్టీరింగ్ ముందు నిద్రపోయి మనిషిని గుద్దానని జడ్జి ముందు ఒప్పుకున్నావు. ఇన్నేళ్ళు నీ పక్క సీట్లో కూర్చున్నదాన్ని, నువ్వు కునకడం ఎన్నడూ చూడలేదు. నేను కునికితే మోచేత్తో పొడిచేవాడివి.

స్టేషన్ నుంచి మన పికప్ వదిలారు. కాగితం నా పేరున ఉంది కదా, నా వేలిముద్ర తీసుకుని ఇచ్చారు. వాకిట్లో ఖాళీగా నిలబెడితే ఎడమకి మరీ ఎక్కువ వాలింది. ముందు చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య కుడి పక్క నా జానెడు పట్టింది, ఎడమ పక్క చెయ్యి కూడా దూరలేదు. ఆ టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోయింది. ఇది నిద్ర పని కాదు. కమాన్ల మేస్త్రీ జాన్ సాహెబ్‌ని పిలిపిస్తున్నా.

ఇంట్లో మాట్లాడే మనిషి లేక బండితో మాట్లాడుతున్నా. అదీ నీలాగే పలకదు.

ఇట్లు,
నీ అక్క (వేలిముద్ర)

*

ప్రియమైన అక్కకు బ్రహ్మయ్య నమస్కారాలు.

ఇక్కడ అన్నం బాగానే పెడుతున్నారు. బండి జోలికి పోబాక, పాత సామానోళ్ళకి అమ్మెయ్. నాకు నిద్ర పట్టింది, టీ కొట్టు ముందు నిలబడ్డ దేవానందం చనిపోయాడు. అంతే. ములాఖత్‌కి రావద్దు. మోకాళ్ళకి నూనె రాసుకో.

నీ తమ్ముడు

*

ప్రియమైన మొండి తమ్ముడికి,

జాన్ సాహెబ్ వచ్చి బండి కింద పడుకున్నాడు. కమాను అంటే ఏందని నీరజ అడిగింది. ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీలు, ముందు బరువంతా వాటి మీదే అని చెప్పాను. ఎడమ కమానుకి వంపు పోయి చదునైంది. రెండో పట్టీ విరిగింది.

"గుద్దినప్పుడు విరిగిందిలే" అన్నాను.

"కాదు పెద్దమ్మా. విరుపు చూడు, సగం నల్లగా పాత తుప్పు. మిగతా సగానికే కొత్త ఎరుపు. ఏనాడో పగిలింది, ఆ రోజు తెగింది. ఇంత వాలితే ఎట్టా తిప్పారు?"

"కుడి పక్క రెండు మిర్చి టిక్కీ బస్తాలు ఎక్కువ వేయిస్తా. సమానంగా నిలబడతది" అన్నాను గొప్పగా.

"సరుకు దించి ఖాళీగా వచ్చేటప్పుడు?"

ఆ రోజు నువ్వు మిర్చి యార్డులో దించేసి ఖాళీగానే వస్తున్నావు.

ఈ పట్టీ చూపించి అప్పీలు వేద్దామని మన లాయరు అంటున్నాడు. ఒక్క మాట చెప్పు. బండి లాగిందా, లేదా?

జవాబు కోసం వాకిట్లోనే కూర్చున్న
నీ అక్క (వేలిముద్ర)

*

అక్కా,

లాగింది. బ్రేకు మీద కాలు పెట్టగానే ఎడమకి లాగేసింది. రెండు చేతులా కుడికి తిప్పినా రాలేదు. కళ్ళు తెరిచే ఉన్నాను. దేవానందం నా వంక చూశాడు కూడా.

అప్పీలు వద్దు. పట్టీ చూపిస్తే, బండి ఎవరిది, తెలిసి ఎందుకు తిప్పారు అంటారు. కాగితం నీ పేరున ఉంది. టిక్కీలు నువ్వే సర్దిస్తావని హమాలీలందరికీ తెలుసు. అందుకే నిద్ర అన్నాను. నీ మొహం చూస్తే నిజం చెప్పేస్తానని ములాఖత్‌కి రాలేదు.

ఇది చించెయ్.

బ్రహ్మయ్య

*

ప్రియమైన తమ్ముడికి,

చించలేదు. నీరజ చేత రెండుసార్లు చదివించుకున్నాను. నన్ను కాపాడమని నిన్ను ఎవడు అడిగాడ్రా?

దేవానందం భార్య కొండమ్మ ఇంటికి వెళ్ళాను. లోపలికి రమ్మనలేదు, తలుపూ వేయలేదు. గడప బయట నిలబడి అంతా చెప్పాను. "నిద్రమొహంగాడని ఇన్నాళ్ళూ వాణ్ణి తిట్టుకుంటున్నా. ఇక నిన్ను తిట్టుకుంటా" అంది. తిట్టుకోమన్నాను.

పట్టీని గోనెసంచిలో చుట్టి లాయరు దగ్గరికి తీసుకుపోయాను. బండి నాది, వాలిందని తెలుసు, బాగు చేయించకుండా టిక్కీలు సర్దించింది నేనే అని రాయించి వేలిముద్ర వేశాను. ఏం చేస్తారో చేయనీ. ఆడవాళ్ళ జైలు వేరే ఊళ్ళో అంట. ఒక గోడకి అటూ ఇటూ కూడా ఉండం. అదొక్కటే నాకు దిగులు.

జాన్ సాహెబ్‌ని కమాను మార్చమన్నాను. ఎడమది ఒక్కటే వెయ్యమంటే కుదరదన్నాడు. ఒకటి పాతదుంటే మళ్ళీ వాలుతుందట, రెండూ జతగా మార్చాల్సిందేనట. సరే, రెండూ వెయ్యమన్నాను.

వచ్చే ములాఖత్‌కి వస్తున్నా. ఈసారి మొహం చూపించు.

నీ అక్క
హనుమాయమ్మ (వేలిముద్ర)