యాభై మీటర్ల జీరో

నాన్నా, కూర స్టవ్ మీదే ఉంది, వేడి చేసుకుని తిను. రైఫిల్ స్కోప్ మాత్రం ముట్టుకోకు. యాభై మీటర్లకే గురి సరిగ్గా కుదిరేలా జీరో చేశాను. వందకి మారిస్తే, మనం కాల్చే యాభైలో బుల్లెట్ పైకి పోతుంది. "వందలో కొట్టినోణ్ణి, నాకు యాభై ఏంటే?" అంటావని తెలుసు. నిన్న రైఫిల్ క్లబ్బులో నువ్వు కొట్టింది పక్కాయన టార్గెట్‌ని. స్కోప్ కదిలిందని అందరి ముందూ అబద్ధం చెప్పాను. స్కోప్ బాగానే ఉంది నాన్నా, నీ కళ్లే బాగాలేవు. సాయంత్రం పటమటలో కంటి డాక్టర్‌కి చూపిద్దాం, కోప్పడకుండా రెడీగా ఉండు.

హెలెన్

స్కూటర్ తాళం వెతక్కు, నేనే పట్టుకెళ్లాను. నిన్న వచ్చేటప్పుడు రోడ్డు దాటుతున్న పాపని నువ్వు చూడలేదు. వెనక సీట్లోంచి నేను అరిస్తే ఆగావు.